జాగ్వార్: కొత్త క్షిపణులు వచ్చాయి, కొత్త ఇంజన్ ఎందుకు రాలేదు?

కాకినాడ_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత యుద్ధవిమానాలకు కొత్త ఇంజన్లు బిగించడం అనే అంశం మీద కాలేజీలో సెమినార్ ఇవ్వాలి. మన వాయుసేన జాగ్వార్‌ని తీసుకున్నాను. చదివేకొద్దీ ఒక సంగతి మింగుడుపడటం లేదు, అందుకే పెద్దల్ని అడుగుతున్నా.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు కొంచెం నేపథ్యం. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి రూపొందించిన ఈ విమానం 1979 జులైలో అంబాలాలో దిగింది. మనవాళ్లు దీనికి షంషేర్ అని పేరు పెట్టుకున్నారు. మొదటి విడత బ్రిటన్ నుంచి వచ్చింది, తర్వాతవి బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారయ్యాయి. ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో తమ జాగ్వార్లను పక్కన పెట్టేశాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో నడుపుతున్నది మనమే. అంబాలా, గోరఖ్‌పూర్, జామ్‌నగర్‌లలో రెండేసి స్క్వాడ్రన్లు.

మనవాళ్లు దీన్ని అలా వదిలెయ్యలేదు కూడా. డారిన్ పేరుతో మూడు విడతలుగా ఎలక్ట్రానిక్స్ మార్చారు. మొదట వచ్చిన స్ట్రైక్ జాగ్వార్‌కి రాడారే లేదు, మూతిలో లేజర్ రేంజర్ మాత్రమే ఉండేది. డారిన్-3లో ఆ మూతి మార్చి ఇజ్రాయెల్ ఏఈఎస్‌ఏ రాడార్ (కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా తిప్పే రకం) పెట్టారు, 2017 ఆగస్టులో దానితో ఎగిరింది. రెక్కల మీదికి శత్రువిమానాల్ని కొట్టే ఆస్రామ్ క్షిపణి వచ్చింది. మన డీఆర్‌డీవో గ్లైడ్ బాంబు (గాల్లో జారుకుంటూ పోయేది) వచ్చింది. ఇంజన్ మాత్రం అదే పాత అడూర్. హనీవెల్ ఎఫ్125ఐఎన్ ఇంజన్ వస్తుంది వస్తుంది అని ఏళ్ల తరబడి అన్నారు. చివరికి 2019లో ధర మరీ ఎక్కువని ఆ ఆలోచన మానుకున్నారు.

నా ప్రశ్న ఇది: ఇంజన్ మార్చకుండా మిగతావన్నీ మార్చడం సబబేనా? ఇంజన్ విషయంలో తప్పెక్కడ జరిగింది?

టర్బైన్_బాబాయ్:

బాబూ, మంచి అంశం పట్టుకున్నావు. ఉద్యోగమంతా ఇంజన్ ఓవర్‌హాల్‌లోనే గడిచింది, ఇప్పుడు రిటైరై తెనాలిలో ఉంటున్నాను. బయట అందరికీ తెలిసిన సంగతులే చెబుతాను, లోపలివి అడగొద్దు.

ముందు రెక్క చూడు, ఇంజన్ సంగతి తర్వాత. జాగ్వార్ రెక్క విస్తీర్ణం సుమారు 24 చదరపు మీటర్లు. గరిష్ఠ టేకాఫ్ బరువు 15,700 కేజీలు. అంటే ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 650 కేజీల బరువు. ఇంత చిన్న రెక్క ఎందుకు పెట్టారంటే, ఈ విమానం నేలకి ఆనుకున్నట్టుగా, చెట్ల మీదుగా, గంటకి వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవాలి. అంత కిందన గాలి కుదుపులు విపరీతం. రెక్క పెద్దదైతే పైలట్ ఎముకలు కదిలిపోతాయి, గురి నిలవదు. చిన్న రెక్క కుదుపుల్ని లెక్కచెయ్యదు. కింద జాగ్వార్ నడక ఎంత నిలకడగా ఉంటుందో నడిపినవాళ్లంతా మెచ్చుకుంటారు.

ఆ సుఖానికి మూల్యం రన్‌వే మీద చెల్లించాలి. చిన్న రెక్కతో పైకి లేవాలంటే వేగం కావాలి, వేగం రావాలంటే థ్రస్ట్, అంటే ఇంజన్ ముందుకి తోసే బలం కావాలి. జాగ్వార్‌కి రెండు ఇంజన్లు. ఒక్కో అడూర్ 811 రీహీట్‌తో (వెనక గొట్టంలో అదనంగా ఇంధనం మండించి) 37.4 కిలోన్యూటన్లు ఇస్తుంది. రెండూ కలిపి 75. పూర్తి బరువుతో ఉన్న విమానానికి అది బరువులో సగం కూడా కాదు, 0.49 దగ్గర ఆగిపోతుంది. ఒక ఇంజన్ పోయిందనుకో, 0.24. పైలట్ చేసే మొదటి పని రెక్కల కింద వేలాడుతున్నదంతా వదిలించుకోవడం.

ఇందులో ఒక చరిత్ర కూడా ఉంది. ప్రోటోటైప్ రోజుల్లోనే ఒక ఇంజన్‌తో దిగడానికి వస్తే ఇబ్బంది బయటపడింది. రీహీట్ లేకుండా ఫుల్ పవర్ పెడితే చాలదు, రీహీట్ వేస్తే మరీ ఎక్కువైపోతుంది, మధ్యలో ఏమీ లేదు. అప్పుడు థ్రాటిల్ పూర్తిగా ముందుకి తొయ్యకుండానే రీహీట్ వెలిగేలా పార్ట్ థ్రాటిల్ రీహీట్ అనే ఏర్పాటు చేశారు. పుట్టినప్పటి నుంచీ ఈ విమానానికి థ్రస్ట్ దగ్గర ఒత్తిడి ఉందని చెప్పడానికే ఇదంతా.

దానికి తోడు మన ఎండలు. జర్మనీ చలిలో లెక్కవేసిన విమానం మే నెలలో రాజస్థాన్‌లో లేవాలి. ఇంకో మాట, ఏ టర్బైన్ అయినా వయసు పెరిగేకొద్దీ బ్లేడు కొసకీ కేసింగ్‌కీ మధ్య సందు పెరుగుతుంది. సందు పెరిగితే గాలి జారిపోతుంది. అదే థ్రస్ట్ రాబట్టడానికి ఇంకొంచెం వేడిగా మండించాలి, ఆ వేడికి బ్లేడు ఇంకొంచెం త్వరగా పోతుంది. ఓవర్‌హాల్ చేసినా కొత్తదానంత ఎప్పటికీ రాదు.

లెక్కలపుస్తకం:

బాబాయ్ గారి లెక్క కరెక్టే. కానీ ఇంజన్ మంచిదా చెడ్డదా అన్న దగ్గర ఆగిపోతే 2019 నిర్ణయం అర్థం కాదు. విమానానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉంది అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఎఫ్125 తైవాన్ సొంత యుద్ధవిమానం చింగ్‌కువో కోసం పుట్టిన ఇంజన్. అది కాగితం మీది ఇంజన్ కాదు, ఎగిరినదే. థ్రస్ట్ 43.8 కిలోన్యూటన్లు, డిజిటల్ కంట్రోల్, మాడ్యూళ్లుగా విడదీసి బాగుచేసుకునే నిర్మాణం. రోల్స్‌రాయిస్ కూడా అడూర్ 821 అనే మెరుగైన రకం చూపించింది. మన హాక్ ట్రైనర్లలో ఉన్నది అడూర్ కుటుంబమే కాబట్టి విడిభాగాలు, శిక్షణ కలిసొచ్చేవి. కానీ రోల్స్‌రాయిస్ పోటీ నుంచి తప్పుకుంది. మిగిలింది ఒక్కరే. ఒక్కరే అమ్మేవాడు ఉన్నప్పుడు ఫైలు ఎంత నెమ్మదిగా కదులుతుందో మన రక్షణ శాఖ చరిత్ర తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఏళ్లు గడిచాయి, ధర పెరిగింది, విమానం ముసలిదైంది.

2008లో ఇంజన్ మార్చి ఉంటే పాతికేళ్లు వాడుకునేవాళ్లం. 2019లో సంతకం పెడితే ట్రయల్స్ అయి, సర్టిఫికేషన్ అయి, స్క్వాడ్రన్లలోకి వచ్చేసరికి చాలా విమానాలు రిటైర్‌మెంట్ గుమ్మంలో ఉండేవి. అప్పుడు కాదనడం సరైన పనే అని నేననుకుంటున్నా. తప్పు జరిగింది అంతకు ముందు పదేళ్లలో.

బ్రిటన్ చూడండి. వాళ్లు కొత్త కుటుంబం జోలికి పోకుండా తమ జాగ్వార్లకి అడూర్ 106 బిగించుకున్నారు. అదే గూడు, అదే కంపెనీ, కొంచెం ఎక్కువ బలం, తక్కువ నిర్వహణ ఖర్చు. 2007 దాకా నడిపి వదిలేశారు. మనకీ ఆ దారి ఉండేది.

డాలస్_దారి:

ఇక్కడ పవర్ ప్లాంట్లలో గ్యాస్ టర్బైన్ల మీద పనిచేస్తాను, ఏరో వైపు కాదు, కానీ ఒక రకం తీసి ఇంకో రకం బిగించడమంటే ఏమిటో రోజూ చూస్తున్నా. "పాత గూట్లోనే కొత్త ఇంజన్ పడుతుంది" అన్న మాట బ్రోషర్‌లో చదివినంత తేలిక కాదు.

జాగ్వార్‌లో ఇంజన్ మార్చాలంటే పొట్ట కింద తలుపులు తెరిచి కిందికి దించుతారు. ఆ పని సులువుగా అయ్యేలా విమానాన్ని కట్టారు, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మొదలవుతుంది. మౌంట్లు, ఇంధన పైపులు, హైడ్రాలిక్ పంపు, జనరేటర్ తిప్పే గేర్‌బాక్స్, కాక్‌పిట్‌కి చల్లగాలి ఇచ్చే బ్లీడ్ లైను, ఇవన్నీ కొత్త ఇంజన్‌తో కలవాలి. పాత ఇంజన్ కంట్రోల్ హైడ్రోమెకానికల్, కొత్తది కంప్యూటర్. ఆ కంప్యూటర్ విమానం వైరింగ్‌తో మాట్లాడాలి. ఇంజన్ బరువు మారితే గరిమనాభి జరుగుతుంది, తోకలో తేలికైతే ముక్కు బరువెక్కుతుంది.

అన్నిటికన్నా కష్టం ఇన్‌టేక్, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి. జాగ్వార్‌కి కదిలే ర్యాంపులు లేవు, ఫిక్స్‌డ్ ఇన్‌టేక్. ఎక్కువ థ్రస్ట్ ఇచ్చే ఇంజన్ సాధారణంగా ఎక్కువ గాలి అడుగుతుంది, ఆ దారి సరిపోతుందా? గట్టిగా తిప్పినప్పుడు లోపలికొచ్చే గాలి వంకరపోతే కంప్రెసర్ స్టాల్ అవుతుందా, అంటే గాలి ప్రవాహం తెగి ఇంజన్ తడబడుతుందా? 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకులు పేల్చినప్పుడు ఆ వేడి పొగ ఇన్‌టేక్‌లోకి పోతే ఏమవుతుంది? గాల్లో ఇంజన్ ఆరిపోతే ఏ ఎత్తులో, ఏ వేగంలో మళ్లీ వెలుగుతుంది? ఒక్కోదానికీ ఫ్లైట్ టెస్టులు చెయ్యాలి. స్ట్రైక్ రకం, రెండు సీట్ల రకం, సముద్రం మీద పనిచేసే రకం, వేటికవే. ధర ఎందుకు పెరిగింది అనే ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

నీలాకాశం:

ఇంజన్ గురించి నాకు పెద్దగా తెలీదు. మా ఆయన వాయుసేనలో వెపన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, గోరఖ్‌పూర్ క్వార్టర్స్‌లో చాలా కాలం ఉన్నాం. ఆయుధాల వైపు ఆయన చెప్పింది రాస్తున్నాను.

మిగతా విమానాల్లో చాలావాటికి క్షిపణి రెక్క కిందో, రెక్క కొసనో ఉంటుంది. జాగ్వార్‌కి రెక్క మీద ఉంటుంది. కింద ఉన్న స్థానాలన్నీ బాంబులకీ, ఇంధనం ట్యాంకులకీ పోతాయి కాబట్టి ఆత్మరక్షణకి ఉండే క్షిపణిని పైకి ఎక్కించారు. అసలే రెక్క మనిషి భుజాలకన్నా ఎత్తున ఉంటుంది. దాని మీద ఇంకో పైలాన్ (ఆయుధం బిగించే దిమ్మ), దాని మీద క్షిపణి జారి వెళ్లే పట్టా, దాన్నే రైలు అంటారు. దాదాపు 90 కేజీల క్షిపణిని అక్కడికి చేర్చాలంటే స్టాండ్లు కావాలి, నలుగురు ఒకే మాట మీద కదలాలి, ఒకరు పక్కనే నిలబడి లెక్కపెడుతూ ఉండాలి. సీకర్ (లక్ష్యాన్ని వెతికే క్షిపణి కన్ను) గాజుకి వేలు తగలకూడదు. మే నెలలో రెక్క మీద చెయ్యి పెడితే గ్లోవ్స్‌లోంచి కూడా చురుక్కుమనేదట.

మొదట్లో ఉన్నది ఫ్రాన్స్ వాళ్ల మ్యాజిక్ అనే క్షిపణి. దానికి బదులు ఆస్రామ్ పెట్టాలని 2014లో ఒప్పందమైంది. బరువు దాదాపు అంతే, కానీ రెండింటికీ పోలికే లేదు. పాతది వేడి చుక్కని వెతుక్కుంటుంది, దీని సీకర్ ఎదుటి విమానం బొమ్మనే చూస్తుంది, కాబట్టి మంటలు వదిలి తప్పించుకోవడం కష్టం. 25 కిలోమీటర్లకి పైగా పోతుంది. రైలు మీంచి బయల్దేరాక కూడా లక్ష్యాన్ని పట్టుకోగలదు. రెక్క అడ్డంగా ఉన్నందువల్ల కిందివైపు చూపు మూసుకుపోయే జాగ్వార్‌కి అది పెద్ద వరం. బాంబులు మోసుకెళ్లే పైలట్‌కి వెనక్కి తిరిగి కొట్టగల ధైర్యం వచ్చిందని మా ఆయన అంటారు.

పటాన్‌చెరు_లోకల్:

నీలాకాశం అక్కా, బాగా చెప్పారు. ఆ ఆస్రామ్‌కి మా ఊరి పక్కనే చుట్టరికం ఉంది. సంగారెడ్డి జిల్లా భానూరులో బీడీఎల్ (క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్) ఉంది కదా, ఆస్రామ్ చివరి అసెంబ్లీ, పరీక్షలు ఇక్కడ చేసేందుకు 2021లో ఆ క్షిపణి కంపెనీ ఎంబీడీఏతో ఒప్పందమైంది. ఇక తమ్ముడు చెప్పిన గ్లైడ్ బాంబు, అంటే రన్‌వేలు కొట్టే స్మార్ట్ యాంటీ ఎయిర్‌ఫీల్డ్ వెపన్‌ని హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ ఆర్‌సీఐ తయారుచేసింది. 125 కేజీల తరగతి, 100 కిలోమీటర్ల దాకా జారుకుంటూ పోతుంది. దాని తొలి ప్రయోగాలకి వాడింది కూడా జాగ్వార్‌నే.

ఇప్పుడు అసలు మాట. తమ్ముడు అడిగాడు కదా ఇంజన్ మార్చకుండా ఆయుధాలు మార్చడం సబబేనా అని. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఫ్యాన్ కొనుక్కుంటే ఖాళీ చేసినప్పుడు వెంట తీసుకుపోతాడు, గచ్చు వేయిస్తే అది ఓనరుకే మిగులుతుంది. ఆస్రామ్ రేపు తేజస్ మీద ఎగురుతుంది. గ్లైడ్ బాంబు సుఖోయ్ కింద ఎగురుతుంది. జాగ్వార్‌కి పెట్టిన ఎఫ్125 మాత్రం జాగ్వార్‌తోనే మ్యూజియంకి పోతుంది, మన దగ్గర ఇంకే విమానానికీ పనికిరాదు. డబ్బు పెట్టేవాడు ముందు ఆయుధం వైపు చూడటంలో న్యాయం ఉంది.

సునాబెడ_క్వార్టర్స్:

నేను పుట్టి పెరిగింది కోరాపుట్ దగ్గర సునాబెడలో. నాన్నగారు విజయనగరం నుంచి అక్కడి హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీకి వెళ్లారు, మా వీధిలో సగం తెలుగు ఇళ్లే.

జాగ్వార్ ఒక్కదాన్నే చూడకండి. మిగ్-27 గుర్తుందా? దాంట్లో కూడా 40 విమానాలకి ఎలక్ట్రానిక్స్ మార్చారు. ఇంజన్ తీసి సుఖోయ్ కుటుంబానికి చెందిన ఏఎల్-31 పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. జరగలేదు. 2019 డిసెంబర్‌లో జోధ్‌పూర్‌లో చివరి స్క్వాడ్రన్ వీడ్కోలు చెప్పింది, పాత ఇంజన్‌తోనే. మిగ్-21 బైసన్ కూడా అంతే, కొత్త రాడార్, ఆర్-73, ఆర్-77 క్షిపణులు, ఇంజన్ పాత ఆర్-25. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో దానికీ సెలవిచ్చారు. మిరాజ్ 2000 అప్‌గ్రేడ్‌లో కూడా ఇంజన్ ముట్టుకోలేదు.

మిగ్-29 ఒక్కటే కాస్త వేరు. అప్‌గ్రేడ్‌తో పాటు ఆర్‌డీ-33 మూడో సిరీస్ ఇంజన్లు వచ్చాయి, అవి మా కోరాపుట్‌లోనే తయారయ్యాయి. అదే కుటుంబం కొత్త తరం కాబట్టి గొడవ లేకుండా కుదిరింది. సుఖోయ్ విషయంలోనూ ప్రభుత్వం అదే దారి పట్టింది. 2024 సెప్టెంబర్‌లో 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లకి 26,000 కోట్ల రూపాయల ఒప్పందం, కోరాపుట్‌లోనే తయారీ. కొత్త రకం కాదు, అదే రకం కొత్తవి. మన దేశంలో ఒక రకం ఇంజన్ తీసి పూర్తిగా వేరే కంపెనీ ఇంజన్ పెట్టి స్క్వాడ్రన్‌లో నడిపిన అప్‌గ్రేడ్ నాకు తెలిసినంతలో ఒక్కటీ లేదు. సెమినార్‌లో ఈ పాయింట్ తప్పక పెట్టు తమ్ముడూ.

కాకినాడ_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత దొరుకుతుందనుకోలేదు. అయితే ఇంకో సందేహం. గ్లైడ్ బాంబు 100 కిలోమీటర్ల దూరం నుంచే వేసేయొచ్చు, పైగా 125 కేజీలే. పాత రోజుల్లోలా 450 కేజీల బాంబులు అరడజను మోసుకుని శత్రువు నెత్తిమీదికి పోనక్కర్లేదు. అలాంటప్పుడు థ్రస్ట్ అవసరమే తగ్గిపోయినట్టు కదా? కొత్త ఆయుధాలే ఇంజన్ సమస్యని తీర్చేశాయి అనొచ్చా?

లెక్కలపుస్తకం:

నా వాదన సరిగ్గా అదే. ఆయుధం తెలివైనదైతే విమానం పరుగెత్తక్కర్లేదు.

టర్బైన్_బాబాయ్:

అనకూడదు బాబూ. ఇది చాలామంది పడే గుంట, నువ్వు పడొద్దు.

గ్లైడ్ బాంబుకి ఇంజన్ లేదు. మరి 100 కిలోమీటర్లు ఎలా పోతుంది? విమానం ఇచ్చిన ఎత్తుని, వేగాన్ని ఖర్చుపెట్టుకుంటూ పోతుంది. పదివేల మీటర్ల ఎత్తున వేగంగా వదిలితే ఒక దూరం, చెట్ల మీద వదిలితే దాంట్లో చిన్న ముక్క కూడా రాదు. అంటే కింద దూసుకుపోవడానికి పుట్టిన విమానాన్ని ఇప్పుడు బరువుతో పైకెక్కి అక్కడ వేగంగా పొమ్మంటున్నావు. చిన్న రెక్క, పైన పల్చటి గాలి, కిందికోసం లెక్కవేసిన ఇంజన్. జాగ్వార్ ఎక్కువ ఇబ్బంది పడేది సరిగ్గా అక్కడే. కాబట్టి కొత్త ఆయుధాలు ఇంజన్ అవసరాన్ని తగ్గించలేదు, ఇంకా పెంచాయి.

రాడార్ సంగతీ అంతే. ఏఈఎస్‌ఏ రాడార్‌కి కరెంటు కావాలి, చల్లదనం కావాలి. రెండూ చివరికి ఇంజన్ నుంచే రావాలి. బరువు కూడా ముక్కులోకి చేరింది. డారిన్-3 రూపకర్తల్ని నేను తప్పుపట్టను, ఉన్న ఇంజన్‌తో ఇంత సాధించడం చిన్న విషయం కాదు. బాధ ఏమిటంటే ఎలక్ట్రానిక్స్ ఫైలు, ఆయుధాల ఫైలు, ఇంజన్ ఫైలు మూడూ మూడు దారుల్లో నడిచాయి. ఈ మూడింటినీ ఒకే విమానం మోస్తుందన్న ధ్యాసతో ఒకే తేదీకి కట్టి ఉంటే, ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు.

డాలస్_దారి:

బాబాయ్ గారి మాటకి నూటికి నూరు. పటాన్‌చెరు అన్న ఫ్యాన్, గచ్చు ఉదాహరణ బాగుంది కానీ అందులో ఒక లోపం ఉంది. ఆ ఇంట్లో ఇంకా మనుషులు ఉంటున్నారు. 2019లో "ఇంకా పదేళ్లేగా" అన్నారు. ఆ పదేళ్లూ పైలట్లు ఎగరాలి కదా.

నీలాకాశం:

అవును. 2025లో మార్చిలో అంబాలా నుంచి లేచిన జాగ్వార్ పంచకుల దగ్గర పడింది, పైలట్ బతికాడు. ఏప్రిల్‌లో జామ్‌నగర్ దగ్గర, ఒక పైలట్ పోయాడు. జులైలో రాజస్థాన్ చూరు జిల్లాలో, ఇద్దరూ పోయారు. నాలుగైదు నెలల్లో మూడు. ప్రతిసారీ టీవీలో ముక్కలు చూపిస్తుంటే మా ఆయన సెట్టు ఆపేసి బయటికి వెళ్లిపోయారు. తను బిగించిన పైలాన్ల కింద నిలబడి సెల్యూట్ చేసిన కుర్రాళ్ల వయసే వాళ్లది.

డబ్బు లెక్కలు అవసరమే, కాదనను. కానీ "విమానానికి ఆయుష్షు తక్కువ కాబట్టి ఖర్చు వద్దు" అన్న వాక్యం రాసేటప్పుడు అందులో కూర్చునేవాడి ఆయుష్షు కూడా ఆ కాగితం మీదే ఉందని గుర్తుంచుకోవాలి.

నిర్వాహకుడు:

నీలాకాశం గారి భావాన్ని అందరం గౌరవిస్తాం. ఒక మనవి: మార్చి, ఏప్రిల్ ప్రమాదాల్లో సాంకేతిక లోపం అని వాయుసేన ప్రకటించింది. అది ఇంజన్ లోపమే అని ఇక్కడ ఎవరూ తేల్చెయ్యొద్దు. చనిపోయినవారి కుటుంబాల వివరాలు, స్థావరాల ఫొటోలు పెట్టొద్దు.

లెక్కలపుస్తకం:

నీలాకాశం గారూ, మీ మాట నేరుగా తగిలింది. అందుకే నా వాదనని ఇంకొంచెం స్పష్టంగా చెబుతాను. 2019లో ఎఫ్125 వద్దనడం తప్పు కాదంటున్నాను. కానీ వద్దన్నప్పుడు దాని వెంటే ఇంకో నిర్ణయం రావాలి: అయితే ఈ విమానాల్ని త్వరగా దించేస్తాం, వాటి స్థానంలో ఫలానా విమానం ఫలానా ఏడాది వస్తుంది. అది రాలేదు. తేజస్ మార్క్-1ఏ 83 విమానాలకి 2021 ఫిబ్రవరిలో సంతకమైంది, అమెరికా నుంచి ఎఫ్404 ఇంజన్లు ఆలస్యమై అది వెనకబడింది. 2025 సెప్టెంబర్‌లో ఇంకో 97కి సంతకం చేశారు. మంజూరైన స్క్వాడ్రన్లు 42, బైసన్లు వెళ్లిపోయాక మిగిలినవి 29. ఇలాంటప్పుడు ఆరు జాగ్వార్ స్క్వాడ్రన్లని ఎవరు దించగలరు?

అందుకే ఇప్పుడు విడిభాగాల వేట. ఫ్రాన్స్ నుంచి 31 పాత జాగ్వార్ల ఎయిర్‌ఫ్రేములు తెచ్చుకుంటున్నట్టు 2018లోనే వార్తలొచ్చాయి. వాళ్లు దించేసిన విమానాలే మనకి స్టోరు.

సునాబెడ_క్వార్టర్స్:

అందులో చిన్నతనం ఏమీ లేదు. తయారీ ఆగిపోయిన విమానానికి పంపు, వాల్వు, అండర్‌క్యారేజ్ భాగం ఎక్కడ దొరికితే అక్కడే తెచ్చుకోవాలి. ఇప్పుడున్న అడూర్‌కి బెంగళూరులో ఓవర్‌హాల్ వసతి ఉంది. అక్కడ హాట్ సెక్షన్ (ఇంజన్‌లో వేడి తగిలే భాగం) విడిభాగాలకి డబ్బు ఆపకుండా ఇవ్వడం, గంటల పరిమితి తగ్గించి ముందే విప్పి చూడటం, బోరోస్కోప్ (ఇంజన్ విప్పకుండా లోపలికి చూసే సన్న గొట్టం) తనిఖీలు పెంచడం, రన్‌వే చుట్టూ చెత్త లేకుండా చేసి పక్షుల్ని దూరం పెట్టడం. కొత్త ఇంజన్ రాదని తేలిపోయాక మిగిలిన సంవత్సరాలకి చెయ్యగలిగింది ఇదే, ఇందులో ఒక్క రూపాయి కూడా కొయ్యకూడదు.

పటాన్‌చెరు_లోకల్:

డాలస్ అన్న చెప్పింది ఒప్పుకుంటున్నా. నేను మాట్లాడింది డబ్బు ఎటు పోవాలనే, ఎగిరేవాళ్ల గురించి కాదు. డారిన్-3 అయినవి సుమారు 60. వాటినే చివరిదాకా ఉంచి, మార్పులు చేయనివాటిని ముందు దించితే మంచి ఇంజన్లు మంచి విమానాలకి చేరతాయి.

కాకినాడ_కుర్రాడు:

బాబాయ్ గారూ, ఎండలో టేకాఫ్ అన్నారు కదా, కూర్చుని లెక్క వేశాను. తప్పుంటే చెప్పండి.

15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి పోతే గాలి సాంద్రత 288/318, అంటే 0.906 రెట్లు. అదే బరువుతో లేవాలంటే టేకాఫ్ వేగం దాదాపు 5 శాతం పెరగాలి, వేగం వర్గం 10 శాతం పెరుగుతుంది. థ్రస్ట్ కూడా సాంద్రత మేరకే తగ్గిందనుకుంటే రన్‌వే పరుగు 1.22 రెట్లు. అంటే 1,000 మీటర్లు కావలసిన చోట 1,220.

టర్బైన్_బాబాయ్:

లెక్క బాగుంది. రెండు సంగతులు కలుపు. టర్బైన్ ముందు ఉష్ణోగ్రతకి హద్దు ఉంటుంది, అందుకని వేడి రోజున థ్రస్ట్ సాంద్రతకన్నా ఎక్కువే పడిపోతుంది. చక్రాల రాపిడి మాత్రం ఎండకి తగ్గదు. కాబట్టి నీ 1.22 తక్కువ అంచనా, అసలుది ఇంకా ఎక్కువ. అది రాసి, అదే ఎండలో ఎఫ్125 పెట్టి మళ్లీ చెయ్యి.

కాకినాడ_కుర్రాడు:

చేశాను. 43.8ని 37.4తో భాగిస్తే థ్రస్ట్ 1.17 రెట్లు. అదే సరళమైన పద్ధతిలో, 45 డిగ్రీల్లో ఎఫ్125తో పరుగు 1.04 రెట్లు వస్తోంది. అంటే మే నెల ఎండలో కొత్త ఇంజన్‌తో లేచే జాగ్వార్‌కి, యూరప్ చలిలో అడూర్‌తో లేచే జాగ్వార్‌కి రన్‌వే మీద తేడా 4 శాతమే. రాపిడి, ఉష్ణోగ్రత హద్దు కలిపి రేపు మళ్లీ పెడతాను. స్లైడ్‌లో ఈ రెండు అంకెలే పక్కపక్కన వేస్తున్నా.

టర్బైన్_బాబాయ్:

వెయ్యి. ఒక ఇంజన్ పోయినప్పటి లెక్క కూడా చెయ్యి, 0.24కీ 0.28కీ తేడా. పూర్తి బరువుతో కాదు, బాంబులు వదిలేశాక ఉండే బరువుతో. పైలట్‌కి కావలసింది ఆ అంకె.